అంపైర్ ఎప్పుడు నోరు విప్పాలి? పిల్లల సాఫ్ట్‌బాల్‌లో నియమాలు నేర్పే తీరు

పిల్లల సాఫ్ట్‌బాల్ మ్యాచ్ జరిగే చోట అంపైర్ మీద రెండు ఫిర్యాదులు తరచూ వినిపిస్తాయి. "పదేళ్ల పిల్ల, తెలియక చేసింది, ఒక మాట చెప్పి వదిలేస్తే ఏం పోయింది?" అని ఒక పక్కవారు అంటే, "ఈయన అంపైరా, అవతలి జట్టు కోచా?" అని మరో పక్కవారు నిలదీస్తారు. ఒకే నిర్ణయం మీద ఈ రెండు మాటలూ వినబడటం విడ్డూరమేమీ కాదు. మనసున్న అంపైర్ నేర్పుతాడు, కఠినుడు నేర్పడు అన్నట్టుగా, ఇదేదో మనిషి స్వభావానికి సంబంధించిన విషయమైనట్టు చాలామంది మాట్లాడుతుంటారు. నిజానికి ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు నియమావళిలోనే ఉంది. కొన్ని నియమాలను అంపైర్ బిగ్గరగా ప్రకటించి తీరాలి. కొన్నింటి విషయంలో ముందుగా హెచ్చరించే వెసులుబాటు ఉంది. మరికొన్నింటి విషయంలో తన కళ్లెదుటే తప్పు జరిగినా ఎవరూ అడగనంతవరకు పెదవి కదపకూడదు. ఏ నియమం ఏ కోవకు చెందుతుందో తెలియకపోవడం వల్లనే తల్లిదండ్రులకూ కోచ్‌లకూ అంపైర్ ప్రవర్తన ఒకసారి అతిగానూ, ఒకసారి నిర్దయగానూ కనిపిస్తుంది.

బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో, చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి పుట్టిన ఆట. అమెరికాలో బేస్‌బాల్ పిల్లలను చేరదీసిన లిటిల్ లీగ్ 1974లో సాఫ్ట్‌బాల్ విభాగాన్ని ప్రారంభించిన తరువాత, ఊరూరా అమ్మాయిలు చిన్న వయసులోనే ఈ ఆటలోకి రావడం పెరిగింది. వయసును బట్టి కొలతలు మారతాయి. అమెరికాలో ఈ ఆటను నడిపే సంస్థ యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ నియమాల ప్రకారం పదేళ్లలోపు విభాగంలో పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి వేసే అమ్మాయి, 35 అడుగుల దూరం నుంచి 11 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతిని విసురుతుంది; పన్నెండేళ్లలోపు విభాగంలో ఆ దూరం 40 అడుగులు, బంతి 12 అంగుళాలు; ఆపై వయసు అమ్మాయిలకు దూరం 43 అడుగులు. కొట్టాక వరుసగా తాకుతూ పరుగెత్తాల్సిన మజిలీలే బేస్‌లు; బేస్‌కూ బేస్‌కూ మధ్య దూరం 60 అడుగులు. అంటే కొలతలను పిల్లల శరీరాలకు తగ్గట్టు కుదించారు గానీ, నియమాల చిక్కుముడులను మాత్రం చాలావరకు పెద్దల ఆటలో ఉన్నట్టే ఉంచారు. అంపైర్ బోధకుడి పాత్రలోకి వచ్చి పడటానికి అసలు కారణం ఇదే.

తెలుగువారికి ఇందులో మరో మెలిక ఉంది. అమెరికాలోని స్థానిక లీగుల్లో ఆడే తెలుగు కుటుంబాల పిల్లలైనా, మన రెండు రాష్ట్రాల బడుల్లో అండర్-14, అండర్-17 జట్లలో ఆడే పిల్లలైనా, వారో వారి తల్లిదండ్రులో క్రికెట్ కళ్లతోనే ఈ ఆటను చూడటం మొదలుపెడతారు. క్రికెట్‌లో కొట్టిన తరువాత పరుగెత్తడం బ్యాటర్ ఇష్టం. సాఫ్ట్‌బాల్‌లో బంతి ఫెయిర్ గీతల లోపల నేలను తాకితే బ్యాటర్ బ్యాట్ వదిలి పరుగెత్తాల్సిందే, మొదటి బేస్ మీద ఉన్న రన్నర్ కూడా చోటు ఖాళీ చేయాల్సిందే. క్రికెట్‌లో క్యాచ్ పట్టిన క్షణానే బంతి డెడ్ అయిపోతుంది. సాఫ్ట్‌బాల్‌లో క్యాచ్ పట్టినా ఆట సాగుతూనే ఉంటుంది, ముందే బేస్ వదిలిన రన్నర్ వెనక్కి వచ్చి దాన్ని తాకిన తరువాతే ముందుకు కదలాలి. క్యాచ్ పట్టగానే బంతిని గాలిలోకి ఎగరేసి సంబరం చేసుకునే అమ్మాయి, ఆ సంబరంలోనే మూడో బేస్ రన్నర్‌కు ఒక పరుగు సమర్పించుకుంటుంది. అప్పుడు అంపైర్ "ఆట ఆగలేదమ్మా" అని చెప్పడు. చెప్పకూడదు కూడా.

మరి అంపైర్ దేనితో నేర్పుతాడు? ముందుగా గొంతుతో, చేతులతో. ఆయన సైగలు ప్రేక్షకుల కోసం చేసే అభినయం కాదు, ఆడుతున్న పిల్లలకు ఆ క్షణంలో ఏ నియమం అమల్లో ఉందో చెప్పే సాధనాలు. కొట్టిన బంతి గీతల బయట పడి ఫౌల్ అయితే రెండు చేతులూ పైకెత్తి "ఫౌల్ బాల్" అని గట్టిగా అరుస్తాడు. ఫెయిర్ అయితే మాత్రం నోరు మెదపకుండా మైదానం లోపలి వైపు వేలు చూపుతాడు. ఒక దానికి గొంతు ఉండి మరో దానికి లేకపోవడంలో ఒక లెక్క ఉంది. ఫౌల్ అనగానే ఆట ఆగిపోవాలి, కాబట్టి అందరికీ వినబడాలి. ఫెయిర్ అయితే ఆట సాగాలి, పైగా పరుగెత్తే పిల్లకు రెండు మాటలూ ఒకేలా వినబడే ప్రమాదం ఉంది. అంపైర్ గొంతు వినబడలేదంటే పరుగు ఆపకూడదన్న సంగతి అర్థమైన అమ్మాయి వెనక్కి తిరిగి చూడకుండా మొదటి బేస్ దాకా వెళుతుంది. బాల్స్‌ను (బ్యాటర్‌కు అందే పరిధి తప్పిన విసుర్లను) ఎడమచేతి వేళ్లతో, స్ట్రైక్స్‌ను (పరిధిలో పడిన, లేదా బ్యాటర్ ఊపి తప్పిన విసుర్లను) కుడిచేతి వేళ్లతో చూపుతూ, ఎప్పుడూ బాల్స్ సంఖ్యనే ముందు చెప్పే పద్ధతి కూడా ఇలాంటిదే. ప్రతి మ్యాచ్‌లోనూ, ప్రతి అంపైరూ ఒకే రీతిలో చేస్తేనే ఇది పాఠం అవుతుంది. సైగలను సొంత శైలిలోకి మార్చుకుని ముచ్చటపడే అంపైర్లు పెద్దల ఆటలో చెల్లుతారేమో గానీ, పిల్లల ఆటలో వారి వల్ల గందరగోళమే మిగులుతుంది.

ప్రకటించి తీరాల్సిన నియమాల్లో పెద్దది ఇన్‌ఫీల్డ్ ఫ్లై. పిల్లలనే కాదు, ఏళ్ల తరబడి ఆట చూసిన పెద్దలను కూడా తికమకపెట్టే నియమం ఇది, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. మొదటి, రెండో బేస్‌ల మీద రన్నర్లు ఉన్నారు, ఇంకా ఇద్దరు అవుట్ కాలేదు అనుకుందాం. బ్యాటర్ కొట్టిన బంతి గాలిలోకి నిటారుగా లేచింది, లోపలి ఫీల్డర్ ఎవరైనా తేలిగ్గా పట్టగలిగేలా ఉంది. క్యాచ్ పడితే వెనక్కి రావాలి కాబట్టి రన్నర్లు బేస్‌లను వదలరు. ఇప్పుడు ఫీల్డర్ తెలివిగా బంతిని కావాలనే కింద పడనిస్తే, రన్నర్లిద్దరూ తప్పనిసరిగా ముందుకు పరుగెత్తాల్సి వస్తుంది. వారు అడుగు తీసేలోపే మూడో బేస్ మీదా, రెండో బేస్ మీదా బంతి అందుకుని ఇద్దరినీ అవుట్ చేసేయవచ్చు. ఆగితే ఒక ప్రమాదం, కదిలితే మరో ప్రమాదం. ఈ మోసానికి అడ్డుకట్టగా, బంతి గాలిలో ఉండగానే అంపైర్ కుడిచేయి పైకెత్తి "ఇన్‌ఫీల్డ్ ఫ్లై, బ్యాటర్ అవుట్" అని ప్రకటిస్తాడు. క్యాచ్ పట్టినా పట్టకపోయినా బ్యాటర్ అవుట్. ఆమె అవుట్ అయింది కాబట్టి రన్నర్లు కదలాల్సిన నిర్బంధం తొలగిపోతుంది.

గొడవ ఇక్కడితో ఆగదు. బ్యాటర్ అవుట్ అయినా బంతి ఇంకా ఆటలోనే ఉంటుంది. చిన్నపిల్లల మ్యాచ్‌లో తరచూ జరిగేది ఇదీ: ఫీల్డర్ నిజంగానే క్యాచ్ వదిలేస్తుంది, నేల మీద పడిన బంతిని చూడగానే రెండో బేస్ రన్నర్ అలవాటు కొద్దీ పరుగు లంఘించుకుంటుంది, మూడో బేస్ ఫీల్డర్ బంతి అందుకుని బేస్ మీద కాలు పెట్టి, రన్నర్ అవుట్ అయిపోయిందని చేతులు దించేస్తుంది. రన్నర్ పరుగెత్తనక్కర లేదు, పరుగెత్తి తప్పు చేసింది. పరుగెత్తాల్సిన నిర్బంధం లేదు కాబట్టి ఫీల్డర్ కేవలం బేస్ తొక్కితే చాలదు, రన్నర్‌ను బంతితో తాకాలి (ట్యాగ్ చేయాలి), అది చేయక ఆమె కూడా తప్పు చేసింది. అంపైర్ సేఫ్, అంటే రన్నర్ అవుట్ కాలేదు, అన్నట్టు చేతులు చాపుతాడు, రెండు బెంచీల నుంచీ అరుపులు మొదలవుతాయి. ఈ సన్నివేశంలో అంపైర్ బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గమనించాలి. బంతి గాలిలో ఉండగా ఇరుజట్లకూ వినబడేలా ప్రకటించడం ఆయన విధి. ఆ ప్రకటన పీలగా ఉంటే తరువాత జరిగే గందరగోళంలో ఆయనకూ వాటా ఉంటుంది. "రన్నర్, ఆగు" అనో, "ఫీల్డర్, ట్యాగ్ చెయ్యి" అనో అనడం మాత్రం ఆయన పని కాదు, ఎందుకంటే ఆ రెండు మాటల్లో ఏది అన్నా ఒక జట్టుకు సాయం, రెండో జట్టుకు అన్యాయం.

మూడో స్ట్రైక్‌తో బ్యాటర్ మామూలుగా అవుట్ అవుతుంది; ఆ బంతిని బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ పట్టలేకపోయినప్పుడు కూడా గొంతే కీలకం. మొదటి బేస్ ఖాళీగా ఉన్నా, లేదా అప్పటికే ఇద్దరు అవుట్ అయి ఉన్నా, ఆ బ్యాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తవచ్చు. మొదటి బేస్ మీద మనిషి ఉండి, ఇద్దరు అవుట్ కాకపోతే పరుగెత్తే హక్కు లేదు. ఈ షరతులు పిల్లలకు ఒక పట్టాన తలకెక్కవు, అందుకే పదేళ్లలోపు విభాగంలో చాలా స్థానిక లీగులు దీన్ని అసలు వర్తింపజేయవు. వర్తించే చోట, హక్కు లేని బ్యాటర్ పరుగు మొదలుపెడితే "బ్యాటర్ అవుట్" అని అంపైర్ గట్టిగా చెప్పేస్తాడు, లేకపోతే క్యాచర్ అనవసరంగా మొదటి బేస్‌కు బంతి విసిరి ఇతర రన్నర్లకు దారి తెరుస్తుంది. హక్కు ఉన్న బ్యాటర్ మాత్రం అది తెలియక బెంచీ వైపు నడుస్తుంటే, అంపైర్ చూస్తూ ఉండిపోతాడు. కఠినంగా కనిపించే ఈ తేడాకు ఆధారం ఒకటే. మొదటి సందర్భంలో ఆయన జరిగిపోయిన తీర్పును ప్రకటిస్తున్నాడు; రెండో సందర్భంలో నోరు విప్పితే సలహా ఇచ్చినట్టవుతుంది.

ముందుగా హెచ్చరించే వెసులుబాటు ఉన్న నియమాల దగ్గర అంపైర్‌లోని బోధకుడికి కాస్త ఊపిరి ఆడుతుంది. పిచ్చర్ సంగతే చూద్దాం. క్యాచర్ నుంచి సంకేతం తీసుకునేటప్పుడు ఆమె రెండు చేతులూ విడిగా ఉండాలి. ఆ తరువాత వాటిని కలిపి కనీసం ఒక సెకను, మించితే పది సెకన్లు నిలిచి, అప్పుడు విసరాలి. కొత్తగా పిచ్చింగ్ మొదలుపెట్టిన పిల్ల కంగారులో చేతులు ముందే కలిపి వచ్చేస్తుంది, లేదా ఆ నిలుపును మింగేస్తుంది. నియమం ప్రకారం అది ఇల్లీగల్ పిచ్, బ్యాటర్ ఖాతాలో ఒక బాల్ చేరుతుంది. పదేళ్ల పిల్లలకు ప్రతిసారీ అలా ప్రకటిస్తూ పోతే ఇన్నింగ్స్ ముగియదు. అందుకే చాలామంది అంపైర్లు తొలి ఇన్నింగ్స్ అయ్యాక ఆమె కోచ్‌ను పిలిచి, "చేతులు ముందే కలుపుతోంది, సరిచేయండి" అని చెబుతారు. అవతలి పిచ్చర్‌కూ అదే అవకాశం ఇస్తారు. ఆ తరువాత కూడా జరిగితే ప్రకటిస్తారు. ఈ పద్ధతిలో మూడు జాగ్రత్తలు దాగి ఉన్నాయి: మాట ఆట నడుస్తున్నప్పుడు రాలేదు, అది ఇరుజట్లకూ ఒకేలా అందింది, దానికి ఒక హద్దు ఉంది. నాలుగో ఇన్నింగ్స్‌లో కూడా హెచ్చరిస్తూనే ఉండే అంపైర్, ఆ నియమం నిజమైనది కాదన్న పాఠాన్ని నేర్పుతున్నాడు.

దారికి అడ్డం నిలబడటం ఇలాంటి మరో వ్యవహారం. చేతిలో బంతి లేకుండా రన్నర్ దారిని అడ్డుకోవడాన్ని అబ్‌స్ట్రక్షన్ అంటారు. పిల్లలు దీన్ని దురుద్దేశంతో చేయరు, బంతి వస్తుందని బేస్ ముందు నిలబడి ఎదురుచూస్తారంతే. అంపైర్ ఎడమచేతిని పక్కకు చాచి పిడికిలి బిగించి చూపుతాడు గానీ ఆటను వెంటనే ఆపడు. ఆ బంతి మీది ఆట ముగిశాక, అడ్డు లేకపోతే రన్నర్ ఏ బేస్‌కు చేరి ఉండేదో అంచనా వేసి అక్కడికి పంపుతాడు. దీనికి సరిగ్గా తిరగేసి, బ్యాటింగ్ జట్టు పిల్ల ఫీల్డర్‌కు అడ్డు వస్తే అది ఇంటర్‌ఫియరెన్స్, అప్పుడు ఆట ఆ క్షణానే ఆగుతుంది, రన్నర్ అవుట్. ఒకదానికి ఆలస్యంగా, మరోదానికి తక్షణం ఆట ఆగడం చూసే తల్లిదండ్రులకు పక్షపాతంలా తోస్తుంది. రెండు చోట్లా ఉద్దేశం ఒకటే, తప్పు చేసిన జట్టుకు ఆ తప్పు వల్ల లాభం కలగకూడదు. ఇన్నింగ్స్ మధ్య విరామంలో "బంతి చేతికి వచ్చేదాకా దారి వదిలి నిలబడమ్మా" అని మూడో బేస్ ఫీల్డర్‌కు ఒక మాట చెప్పడం ఏ అంపైర్‌కైనా తగిన పనే, ఇద్దరు పిల్లలు గుద్దుకోకుండా ఆపే మాట అది.

బేస్ వదిలే విషయంలో మాత్రం సాఫ్ట్‌బాల్ చాలా నిక్కచ్చిగా ఉంటుంది. బంతి పిచ్చర్ చేతి నుంచి వెలువడేలోపు రన్నర్ బేస్ వదిలితే ఆ పిచ్ చెల్లదు, రన్నర్ అవుట్. అలాగే పిచ్చర్ చుట్టూ 8 అడుగుల వ్యాసార్థంతో గీసిన వలయంలో ఆమె బంతితో ఉండి, ఎవరినీ అవుట్ చేసే ప్రయత్నంలో లేనప్పుడు, బేస్ వదిలి ఆగిన రన్నర్ ముందుకో వెనక్కో వెంటనే తేల్చుకోవాలి. ఒక వైపు కదిలాక మనసు మార్చుకోకూడదు. మూడో బేస్ దగ్గర అటూ ఇటూ ఊగుతూ పిచ్చర్‌ను ఊరించే పిల్లలకు ఈ లుక్‌బ్యాక్ నియమం ఒక్కసారి అవుట్ అయితే గానీ అర్థం కాదు. ఇక్కడ హెచ్చరిక కంటే తీర్పే మంచి పాఠం అని నా అభిప్రాయం, కాకపోతే అవుట్ ఇచ్చిన వెంటనే "పిచ్చర్ వలయంలో ఉంది, నువ్వు ఆగి మళ్లీ వెనక్కి వెళ్లావు" అని కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలి. కారణం తెలియని శిక్ష పిల్లకు అవమానంగానే మిగులుతుంది.

ఇక మౌనం పాటించాల్సిన నియమాలు. క్రికెట్ తెలిసినవారికి ఇది కొత్త కాదు. క్రికెట్ చట్టాల్లో 31వది ప్రకారం, బ్యాటర్ నిజంగా అవుట్ అయినా ఫీల్డర్లు అప్పీల్ చేయకపోతే అంపైర్ అవుట్ ఇవ్వకూడదు. సాఫ్ట్‌బాల్‌లో ఈ సూత్రం అన్ని అవుట్లకూ కాకుండా కొన్ని తప్పులకు మాత్రమే వర్తిస్తుంది: క్యాచ్ పట్టకముందే బేస్ వదలడం, పరుగులో ఒక బేస్‌ను తాకకుండా దాటేయడం, వరుస తప్పి బ్యాటింగ్‌కు రావడం వంటివి. వీటిని అంపైర్ చూసి, గుర్తుపెట్టుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడాలి. తరువాతి పిచ్ పడేలోపు ఫీల్డింగ్ జట్టు అడగకపోతే ఆ తప్పు చెల్లిపోతుంది.

వరుస తప్పిన బ్యాటింగ్ ఉదాహరణ చూడండి. అయిదో పేరు అమ్మాయి రావాల్సిన చోట ఆరో పేరు అమ్మాయి వచ్చి, చక్కగా కొట్టి మొదటి బేస్ చేరింది. ఫీల్డింగ్ జట్టు కోచ్ తరువాతి పిచ్ కంటే ముందు పసిగట్టి అడిగితే, రావాల్సిన అయిదో అమ్మాయి అవుట్, ఆ హిట్ వల్ల వచ్చినదంతా రద్దు. పిచ్ పడ్డాక అడిగితే ఏమీ లేదు. అంపైరూ స్కోరరూ ఇద్దరికీ ముందే తెలిసినా చెప్పకూడదు. పిల్లల ఆటలో ఈ మౌనం మరీ ఎక్కువ కాదా అని అడిగేవారున్నారు. అంపైర్ ఆ తప్పును ఎత్తి చూపితే ఒక జట్టు కష్టపడకుండానే అవుట్ సంపాదిస్తుంది. గమనించి అడగడం కూడా ఆటలో భాగమే, స్కోరు పుస్తకం పట్టుకుని బెంచీ మీద కూర్చున్న పిల్లకు ఆ పని అప్పగించిన కోచ్ జట్టు దీన్ని త్వరగా నేర్చుకుంటుంది.

అయితే మౌనానికీ, సహకరించకపోవడానికీ తేడా ఉంది. ఆట ఆగాక షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పరుగున వచ్చి "సార్, ఆమె ముందే వెళ్లింది" అంటే అప్పీల్ సగం జరిగినట్టే. "ఏ రన్నర్? ఏ బేస్ దగ్గర?" అని అంపైర్ అడగవచ్చు, ఆ ప్రశ్నల్లో జవాబు దొర్లకుండా చూసుకుంటే చాలు. పదకొండేళ్ల పిల్ల అంపైర్ ఎదుట నిలబడి "మూడో బేస్ రన్నర్, క్యాచ్ పట్టకముందే వదిలింది" అని పూర్తి వాక్యం చెప్పగలిగిందంటే, ఆ నియమాన్ని ఆమెకు ఇక ఎవరూ నేర్పనక్కర లేదు.

నిర్ణయాన్ని ప్రశ్నించే పద్ధతి కూడా అంపైర్ చేతుల్లోనే ఉంటుంది. సేఫా అవుటా, స్ట్రైకా బాలా అన్నవి అంపైర్ విచక్షణకు సంబంధించినవి. వాటి మీద నిరసన నమోదు చేసే వీలు లేదు. నియమాన్ని తప్పుగా అన్వయించారన్నది వేరే ప్రశ్న, దానికి కోచ్ టైమ్ అడిగి, నిర్ణయం ఇచ్చిన అంపైర్ దగ్గరకు నడిచి వెళ్లి, మామూలు గొంతుతో అడగవచ్చు. "మీరు చూసింది చెప్పండి, దాన్ని బట్టి నియమం ఏమిటో చూద్దాం" అన్న ధోరణిలో ఈ సంభాషణ జరిగితే, బెంచీ మీది పిల్లలు వాదనకూ ప్రశ్నకూ తేడాను చూస్తారు. కంచె అవతల నుంచి తల్లిదండ్రులు కేకలు వేస్తే పిల్లలు మరొకటి నేర్చుకుంటారు. చాలా స్థానిక లీగుల్లో బేస్‌ల దగ్గర నిలబడే అంపైర్ హైస్కూల్ చదివే కుర్రాడో అమ్మాయో అయి ఉంటారని కూడా ఆ కేకలు వేసేవారు గుర్తించాలి.

స్ట్రైక్ జోన్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. బ్యాటర్ పక్కన నేల మీద ఉండే, 17 అంగుళాల వెడల్పున్న హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్ చంకలకూ మోకాళ్ల పైభాగానికీ మధ్య బంతి వెళితే స్ట్రైక్ అని యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ నియమం. పదేళ్ల పిచ్చర్లకు ఈ జోన్‌ను అక్షరాలా పాటిస్తే ఆట బాల్స్‌తోనే గడిచిపోతుంది, నాలుగు బాల్స్ పడగానే బ్యాటర్లు కొట్టకుండానే నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళతారు. కాబట్టి చాలామంది అంపైర్లు జోన్‌ను కాస్త పెద్దది చేస్తారు. పుస్తకంలో లేని ఈ ఉదారతను నేను తప్పు పట్టను, పిల్లలను బ్యాట్ ఊపేలా చేసేది అదే. అయితే మ్యాచ్‌కు ముందు ప్లేట్ దగ్గర జరిగే సమావేశంలో ఇద్దరు కోచ్‌లకూ ఆ సంగతి చెప్పాలి, చివరి బంతి దాకా దాన్నే పాటించాలి. ఒక జట్టు బాగా వెనకబడిందని మధ్యలో జోన్‌ను మార్చడం దయగా కనిపించినా, పిచ్చర్ అంతవరకు నేర్చుకున్నదాన్ని చెరిపేస్తుంది.

మన బడుల్లో పరిస్థితి మరో రకం. ఆట నేర్పేదీ, సాధన మ్యాచ్‌లో అంపైరింగ్ చేసేదీ చాలాచోట్ల ఒకే పీఈటీ సారు. దీన్ని లోపంగా మాత్రమే చూడనక్కర లేదు, పాత్రలు కలిసిపోకుండా చూసుకుంటే ఇది పెద్ద వెసులుబాటు. సాధనలో ఆయన ఈల వేసి ఆటను ఎక్కడికక్కడ ఆపి, రన్నర్లను తిరిగి వారి వారి బేస్‌ల మీద నిలబెట్టి, ఇన్‌ఫీల్డ్ ఫ్లై ఎందుకు ఇచ్చాడో చూపి, అదే బంతిని మళ్లీ గాలిలోకి లేపవచ్చు. వారాంతంలో జట్లుగా విడగొట్టి ఆడించే మ్యాచ్‌లో మాత్రం ఈల పక్కన పెట్టి, అప్పీల్ రానంతవరకు చూసీ చూడనట్టు నిలబడాలి, వచ్చిన సందేహాలను మ్యాచ్ అయ్యాకే తీర్చాలి. జిల్లా పోటీల్లో ముక్కూమొహం తెలియని అంపైర్ ముందు ఆడబోయే పిల్లలకు, తమ సారు గొంతు ఏ రోజు పాఠం చెబుతుందో, ఏ రోజు తీర్పు మాత్రమే చెబుతుందో ముందే తెలిసి ఉంటే, అక్కడి మౌనానికి వారు బిత్తరపోరు.